తొమ్మిదిన్నర కుర్చీ

"అమ్మా, మళ్ళీ ఇరవై మూడు నిమిషాలు ముందుకెళ్ళిపోయింది."

కూతురు గొంతు తగ్గించే చెప్పింది. తల్లి వంటగది తలుపు దగ్గరగా వేసి, తడిచేతులు తుడుచుకుని వాచీ అందుకుంది. ఫోనులో సాయంత్రం ఆరు. వాచీలో ఆరూ ఇరవై మూడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ముళ్ళు సరిచేసి పెట్టింది తనే.

"సరిగ్గా చూశావుటే?"

"వాచీలాయన కూతుర్ని, నాకు టైము చూడటం రాదా?"

వాచీలాయన అంటే వీధి వీధంతటికీ తెలుసు. మలుపు దగ్గర అద్దాల కొట్టు ఆయనదే. రెండేళ్ళుగా దాని షట్టరు లేవలేదు. కూతురికి ఆయన పెట్టిన ముద్దుపేరు ముల్లు. నడక వచ్చిన రోజు నుంచి ఒక్కచోట నిలవకుండా ఇల్లంతా చుడుతోందని మొదట్లో సెకన్ల ముల్లు అనేవాడు, తర్వాత ముల్లుతో సరిపెట్టాడు. పద్నాలుగేళ్ళొచ్చినా ఆ పిల్లకు అదే పేరు. పిలిచే మనిషే పిలవడం మానేశాడు.

"నాన్న వాచీ ఏదని అడగలేదా?"

"ఎక్కడ అడుగుతారు? పట్టీ ఊడింది, కుట్టి ఇస్తానన్నాను. ఊఁ అన్నారు."

ఆ ఒక్క ఊఁ మీదే ఆ కాపురం రెండేళ్ళుగా నడుస్తోంది. భోంచేస్తారా అంటే ఊఁ. స్నానానికి లేస్తారా అంటే ఊఁ. కొట్టు తెరుద్దామా అంటే అది కూడా ఉండదు.

మనసు కుంగుబాటుకు మూడు రకాల మందులు మార్చి చూశాక పెద్ద డాక్టరు అయస్కాంతం మాట ఎత్తాడు. తలకు ఆనించే తీగచుట్ట ఒకటి ఉంటుందని, అందులోంచి అయస్కాంతశక్తి దెబ్బ మీద దెబ్బగా మెదడులోకి వెళ్ళి మందగించిన చోటును తట్టి లేపుతుందని చెప్పాడు. కోత లేదు, మత్తు లేదు. మొత్తం ముప్ఫై రోజులు. అందరికీ పనిచేస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు.

వాచీలాయన ఆరోజు నోరు విప్పాడు.

"అయస్కాంతమా? వాచీకి పట్టిందంటే దాని పని అయిపోయినట్టే. నా తలకు పెడతారా?"

ఆ నెలంతా కలిపి ఆయన మాట్లాడింది అంతే. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఎక్కడైనా చెడు కనిపిస్తే ఆ రోజే ఆపెయ్యాలి. ఇల్లాలు చేతిలో చెయ్యేసి సరేనంది. ఆ మాటకు సాక్షి ఆయన అక్కగారు.

ఇప్పుడు ఆ చెడు ఇల్లాలి అరచేతిలోనే ఉంది, టకటకమంటూ.

తప్పు ఆవిడదే, ఇంకెవరిదీ కాదు. ఏళ్ళ తరబడి వంగి పనిచేసిన మెడ కాబట్టి క్లినిక్కు కుర్చీలో నొప్పి పుడుతుందని, ఆయన పాత చొక్కా గుడ్డతో చిన్న దిండు కుట్టింది. స్కూలు యూనిఫారాలు కుట్టే చెయ్యి ఊరుకోదు కదా, దానికో జేబు కూడా పెట్టింది. రోజూ కుర్చీ ఎక్కే ముందు ఆయన చేతి వాచీ విప్పి తన సంచిలో వేసుకునేది. ఇవాళ సంతకం పెట్టమని కాగితం చేతికిస్తే, వాచీని క్షణంసేపు దిండు జేబులో వేసింది. అంతే, మరిచిపోయింది. దిండు ఆయన మెడ కిందకు వెళ్ళింది. మిషను నడిపే అమ్మాయి "లోహం వస్తువులేం లేవు కదా?" అని అడిగితే "లేవమ్మా" అని నిబ్బరంగా చెప్పింది కూడా.

"అమ్మాయ్! లోపలేంటా గుసగుసలు?" హాల్లోంచి ఆడపడుచు గొంతు ఖంగుమంది. "ఆ ఫైలు తీసుకుని ఇలా రా."

ముల్లు కంగారులో చేతికందిన ఖాళీ బిస్కట్ల రేకుడబ్బాలో వాచీ పడేసి, మూత బిగించి, అటక మీదికి తోసింది. ఎవరికీ కనపడదు కదా అని ఊపిరి పీల్చుకుంది.

*

ఆడపడుచుగారిని వీధిలో సిస్టరమ్మ అంటారు. నర్సు కాబట్టి సిస్టరు, వాచీలాయనకు అక్క కాబట్టి సిస్టరు, రెండు రకాలా సరిపోయింది. ముప్ఫై రెండేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో తిరిగి రిటైరైన మనిషి. ఆవిడ ఎదురుగా డాక్టర్లే కాస్త సర్దుకుని కూర్చునేవాళ్ళు, ఇక మరదలెంత?

తమ్ముడు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద, వాడని పనిముట్లలా.

"పదహారు రోజులైంది," అంది సిస్టరమ్మ ఫైలు తిరగేస్తూ. "ఏం మారిందో చెప్పు."

"డాక్టరుగారు మూడోవారం, నాలుగోవారం అన్నారు కదా వదినా."

"ఆయనేమన్నాడో నాకెందుకు? నువ్వేం చూశావో చెప్పు. ఏమన్నా మాట్లాడాడా? నవ్వాడా? దాన్ని దగ్గరికి పిలిచాడా?"

ఇల్లాలు కొంగు అంచున ఊడిన దారం లాగుతూ నిలబడింది. గుమ్మంలో నిలబడ్డ ముల్లు తల దించుకుంది. ఆ ఇంట్లో గోడగడియారాలు నాలుగున్నాయి. కీ ఇచ్చే చెయ్యి ఆగిపోయాక అవీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందుకే ఆ ఇంట్లో ఎవరైనా మాట్లాడకపోతే ఆ మాట్లాడకపోవడం మరీ పెద్దగా వినబడుతుంది.

"నీ మీద కోపం కాదమ్మాయ్," సిస్టరమ్మ గొంతు కాస్త తగ్గింది. "నేను కొత్తగా చేరినప్పుడు మా వార్డులో తలకు కరెంటు పెట్టేవాళ్ళు. అప్పట్లో మా దగ్గర మత్తు కూడా సరిగ్గా ఉండేది కాదు. ఒకామె కాళ్ళు పట్టుకున్నాను నేను. ఇరవై ఏళ్ళ పిల్లని. ఆమె నన్నే చూస్తూ ఉంది, పట్టుకోవద్దు, పట్టుకోవద్దు అని. వీడి తలకు ఏదో తగిలిస్తున్నారంటే నాకు ఆ కళ్ళే గుర్తొస్తాయి. నేనేం చెయ్యను చెప్పు?"

ఇల్లాలు ఈ సంగతి మొదటిసారి వింటోంది. పెళ్ళై పదిహేడేళ్ళయినా, ఆ ఖంగుమనే గొంతు వెనక ఇంత భయం ఉందని ఆవిడకు తెలియదు. జాలేసింది. అయినా వదల్లేదు.

"ఇది అది కాదు వదినా. ఎవ్వరూ పట్టుకోరు. మెలకువగానే కూర్చుంటారు, చెవుల్లో దూది పెట్టుకుని. మీరొక్క రోజన్నా వచ్చి చూస్తే కదా! మొదటిరోజు ఏం చేశారో చెప్పనా?"

"చెప్పు."

"కుడిచెయ్యి దిండు మీద పెట్టమన్నారు, ఊరికే వదిలెయ్యమన్నారు. ఆ మిషను అమ్మాయి తల మీద తీగచుట్ట అటు ఓ పిసరు, ఇటు ఓ పిసరు జరుపుతోంది. ఒక్కో దెబ్బ కొట్టి ఆయన చేతికేసి చూస్తోంది. నాకేం అర్థం కాలేదు. ఉన్నట్టుండి బొటనవేలు లేచింది."

"లేచిందంటే?"

"టక్కున లేచింది వదినా! ఆయన లేపలేదు. ఆయన కూడా దానికేసే చూస్తున్నారు, ఎవరిదో వేలన్నట్టు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ లేచింది. సూది లేదు, తీగ లోపలికి పోలేదు, వెంట్రుక కూడా చెదరలేదు. పుర్రె బయట నిలబడి, లోపల బొటనవేలు కాపురం ఉండే ఇల్లు పట్టేసింది ఆ పిల్ల! దాన్నిబట్టే ఎంత గట్టిగా కొట్టాలో లెక్క కడతారట. గుడ్డలో ఈ కొసన దారం లాగితే ఆ కొసన మడత పడుతుంది చూడండి, అలా. నాకు ఒళ్ళు జలదరించింది. మనిషి లోపల ఇంత ఉందా, దాన్ని ఇలా తట్టి పలకరించొచ్చా అనిపించింది. దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలీలేదు."

చెబుతుంటేనే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. సిస్టరమ్మ కూడా ఒక నిమిషం తన బొటనవేలికేసి చూసుకుంది. ముప్ఫై రెండేళ్ళు మనుషుల ఒళ్ళు చూసిన మనిషికి కూడా అది వింతగానే తోచింది.

"వేలు లేచింది సరే," అంది చివరికి. "మనిషి లేవాలి కదా."

అప్పుడే ముల్లు "అత్తా!" అంది. ఆ పిల్ల అత్తకేసి చూడటం లేదు. కిటికీకేసి చూస్తోంది.

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

*

ఆయన వంటగది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవకుండా, చెయ్యి పట్టుకుని తీసుకురాకుండా. తల ఒక పక్కకు వాల్చి చెవి ఒగ్గాడు. వాచీల పనిలో ఉండగా ఎప్పుడూ అలాగే నిలబడేవాడు. ఆ భంగిమ చూసి ఎంతకాలమైందో ఇల్లాలికి గుర్తు కూడా రాలేదు.

"ఏదో పరిగెడుతోంది," అన్నాడు.

ముగ్గురూ గుమ్మంలో ఇరుక్కుని నిలబడిపోయారు.

"కుంటుతూ పరిగెడుతోంది. వినబడటం లేదూ?"

వాళ్ళకేం వినబడలేదు. చెవులు రిక్కించాక అటక మీంచి, లోపల పురుగేదో గీకుతున్నట్టు, సన్నటి చప్పుడు వినబడింది. ఖాళీ రేకుడబ్బాలో వాచీ దాచే తెలివితక్కువ పని ఇంకెవరింట్లోనైనా చెల్లుతుందేమో కాని, వాచీలాయన ఇంట్లో చెల్లదు. డబ్బా ఆ చప్పుడును పెంచి మరీ వినిపిస్తోంది. ముల్లు నాలుక కరుచుకుంది.

ఆయన అటక మీంచి డబ్బా దించి మూత తీశాడు. వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకు పని నేర్పిన గురువుగారు చివరిరోజుల్లో తన చేతి నుంచి విప్పి ఇచ్చిన వాచీ అది.

"ఇదేమైంది?"

"పట్టీ..." అని మొదలుపెట్టింది ఇల్లాలు. ఆ అబద్ధం అక్కడే వదిలేసింది. "నేనే. పొద్దున్న దిండు జేబులో మరిచిపోయాను. మీ మెడ కిందే ఉండిపోయింది, మిషను నడిచినంతసేపూ."

"చూశావా!" సిస్టరమ్మ గొంతు మళ్ళీ ఖంగుమంది. "ఇంత ఇనప వస్తువే ఇలా అయిపోతే వాడి తలలో మెత్తటిది ఏమవ్వాలి? పైగా దాచిపెట్టావు! మాటిచ్చావా లేదా? చెడు కనిపిస్తే ఆపేస్తానన్నావా లేదా?"

"అన్నాను."

"మరి?"

ఇల్లాలు భర్త ముఖంలోకి చూసింది. ఆయన ఇప్పుడు ఊఁ అంటే అయిపోయినట్టే. పదహారు రోజులూ, మళ్ళీ మొదలయ్యే ఆశా అన్నీ ఆ అక్షరంలో కొట్టుకుపోతాయి.

ఆయన ఊఁ అనలేదు.

"ముల్లూ," అన్నాడు. "నా పెట్టె పట్టుకురా."

ఆ పిల్ల కదల్లేదు. తనను పిలిచారని తెలుస్తూనే ఉంది, కాళ్ళు మాత్రం రావడం లేదు. తర్వాత ఒక్క ఉరుకు ఉరికింది. మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడుతో పాటు ఆ పిల్ల వెక్కిళ్ళు కూడా వినబడ్డాయి. తల్లి పిలవబోయి ఊరుకుంది.

పెట్టె మీద దుమ్ము వేలి మందాన ఉంది. ఆయన అందులోంచి చిన్న దిక్సూచి తీసి బల్ల మీద పెట్టాడు. దాని ముల్లు కాసేపు ఊగి ఒక దిక్కున నిలబడింది. అప్పుడు వాచీని మెల్లగా దాని దగ్గరికి జరిపాడు.

దిక్సూచి ముల్లు వణికింది. వాచీ ఎటు తిప్పితే అటు తిరిగింది, ప్రాణమున్నట్టు. నలుగురూ బల్ల మీదికి వంగిపోయారు. దెబ్బలాట మధ్యలో ఉన్నామన్న సంగతే సిస్టరమ్మ మరిచిపోయింది.

"పట్టింది," అన్నాడాయన. "లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంటుంది, చుట్టలు చుట్టుకుని. అయస్కాంతం పడితే ఆ చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టు లెక్క. అందుకే తొందరపడుతుంది."

ఒక్కసారిగా అన్ని మాటలు! ఇల్లాలు లెక్కపెట్టలేదు కాని, లెక్కపెట్టి ఉంటే ఆ ఏడాది మొత్తానికి సరిపోయేవి.

ఆయన పెట్టె అడుగు నుంచి అరచేతిలో పట్టే నల్లటి డబ్బీ ఒకటి తీశాడు. మధ్యలో బెజ్జం, పక్కన ఒక మీట, వెనక వైరు. గురువుగారు దానికి విరుగుడు అని పేరు పెట్టారు. ప్లగ్గు పెట్టి, వాచీని బెజ్జంలో ఉంచి మీట నొక్కాడు. జుమ్మని మోత వచ్చింది. వాచీని మెల్లగా, చాలా మెల్లగా బయటికి లాగి, బారెడు దూరం తెచ్చాక మీట వదిలాడు.

మళ్ళీ దిక్సూచి దగ్గర పెట్టాడు. దాని ముల్లు ఉలకలేదు, పలకలేదు.

"ఇందులో ఏముంది నాన్నా?" ముల్లు ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"తీగచుట్ట."

"అంటే ఇదీ..."

"ఇదీ అయస్కాంతమే. పట్టినదాన్ని వదిలించేదీ అదే." ఆయన డబ్బీ ప్లగ్గు తీశాడు. "అలాగని నా తల వాచీ కాదు. ఇది వేరు, అది వేరు. నాకు తెలిసిందల్లా వాచీ సంగతే."

సిస్టరమ్మ తేరుకుంది. "మరి మాట సంగతేంట్రా తమ్ముడూ? చెడు కనబడితే ఆపేద్దామన్నది నువ్వే."

"చెడింది వాచీ అక్కా. మాట నా గురించి."

ఆయన ఇల్లాలి వైపు తిరిగాడు.

"ఆ మిషను నాలుగు సెకన్లు కొడుతుంది. ఇరవై ఆరు సెకన్లు ఆగుతుంది. మళ్ళీ నాలుగు. అవునా?"

"నాకేం తెలుసండీ? టకటకమంటుందని తెలుసు, అంతే. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. లెక్కపెట్టాను."

"ఎప్పుడు?"

"మొన్నటి నుంచి. అంతకుముందు అది ఉత్త చప్పుడు. ఎక్కడో పక్కింట్లో మేకులు కొడుతున్నట్టు. మొన్న ఉన్నట్టుండి సెకన్లు తెలిశాయి. ఇవాళ డెబ్బై అయిదు సార్లు కొట్టింది, ఒక్కటి కూడా తప్పిపోలేదు నాకు." ఆయన ముఖంలోకి నవ్వు రాలేదు. కాని ఏదో వచ్చింది. "నాకు బాగైపోయిందని కాదు. పొద్దున్న లేవగానే గుండె మీద బండ అలాగే ఉంది. కాని వినబడుతోంది. రెండేళ్ళ నుంచి నాకేమీ వినబడలేదు అక్కా."

ఇల్లాలు స్టవ్వు గట్టు పట్టుకుని నిలబడింది. మొన్న, నిన్న, ఇవాళ ఆ కుర్చీలో రాయిలా కూర్చున్న మనిషి లోపల లెక్క నడుస్తోందా! తను పక్కనే ఉండి, అల్లిక పని చేసుకుంటూ, ఏమీ మారలేదని ఏడ్చుకుంటోందా! ఎంత చీకట్లో వెతికి, ఎంత సన్నటి కొస దొరకబుచ్చుకున్నాయి ఆ దెబ్బలు!

ఆయన వాచీ ముళ్ళు సరిచేసి, తనే చేతికి పెట్టుకున్నాడు.

"రేపు ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పేద్దాం. దిండులో వాచీ ఉండిపోయిందని. దాచకూడదు. తల దగ్గర లోహం ఉండకూడదని వాళ్ళు ఊరికే అడగరు."

రేపు అన్నాడు! ముల్లు తల్లి చెయ్యి గట్టిగా నొక్కింది. రేపు అనే మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో వాళ్ళిద్దరికే తెలుసు.

సిస్టరమ్మ మాత్రం కుర్చీలో కూలబడింది.

"రేపు లేదురా," అంది.

"ఏంటి వదినా?"

"నాలుగింటికి నేను ఫోను చేశాను. వీడింక రాడు, మాన్పించేస్తున్నాం అని చెప్పాను. ఆ కుర్చీ కోసం చాలామంది ఎదురుచూస్తున్నారట. సరేనమ్మా, వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం అన్నారు." ఖంగుమనే గొంతు ఎక్కడికో పోయింది. "నీ మంచికే అనుకున్నాన్రా. ఆమె కళ్ళు... నేను నిన్ను కూడా పట్టుకుంటున్నాననుకున్నాను."

ఇల్లాలికి అరవాలనిపించింది. పదిహేడేళ్ళలో ఎన్నడూ అనని మాట ఒకటి నాలుక చివరికొచ్చింది. ముల్లు ఏడుపు మొదలుపెట్టింది.

ఆయన అక్క దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. కోప్పడలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, రెండో చెయ్యి ఇల్లాలి వైపు చాచాడు.

"ఫోను ఇవ్వు."

రెండేళ్ళుగా ఆయన ఫోను ముట్టుకోలేదు. మోగితే ఉలిక్కిపడి మొహం తిప్పుకునేవాడు. ఇల్లాలు నంబరు నొక్కి ఆయన చేతిలో పెట్టింది. చాలాసేపు మోగింది.

"హలో," అంది అవతలి గొంతు. మిషను అమ్మాయే. "ఎవరండీ?"

ఆయన నోరు తెరిచాడు. ఆ అమ్మాయి తన దగ్గరికొచ్చే అందరినీ వాళ్ళ టైము పెట్టి పిలుస్తుంది. పదిన్నర గారు రండి, పదకొండున్నర గారు మంచినీళ్ళు తాగారా అంటూ. ఆయన పదహారు రోజులూ జవాబు చెప్పకపోయినా పలకరించడం మానలేదు.

"తొమ్మిదిన్నరను," అన్నాడు.

అవతల ఆ పిల్ల గొంతు ఎగిరి గంతేసింది. "తొమ్మిదిన్నర గారా? మీరేనా మాట్లాడేది? అయ్యో, మీ గొంతు ఇలా ఉంటుందా!"

"నా కుర్చీ ఉందా అమ్మా?"

ఆ గొంతు వెంటనే దిగిపోయింది. "మీరింక రారని ఫోనొచ్చిందండీ. ఇందాకే వేరేవాళ్ళకి చెప్పేశాం. ఆమె రెండు నెలలుగా ఎదురుచూస్తోంది. ఫోనులోనే ఏడ్చేసింది, సంతోషంతో."

వంటగదిలో అందరికీ వినబడింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. ఆమె ఇంట్లో ఎన్ని గడియారాలు ఆగిపోయాయో మాత్రం ఊహించగలడు.

"ఆమెది తీసుకోను," అన్నాడు మెల్లగా. "ఇంకేదైనా ఉంటే చూడమ్మా. తెల్లారుజామునైనా సరే, చివర్న అయినా సరే. మధ్యలో ఆగకూడదన్నారు కదా."

"ఒక్క క్షణం ఆగండి. డాక్టరుగారు వెళ్ళిపోతున్నారు, అడిగొస్తాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, పరిగెత్తే చెప్పుల చప్పుడు వినబడ్డాయి. ఆయన వాచీకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆయన భుజానికి ఒక పక్క ఇల్లాలు, ఒక పక్క ముల్లు వచ్చి ఆనుకున్నారు. సిస్టరమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

ఒక్క క్షణమంటే ఎంతో ఆ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. సెకన్ల ముల్లు తొందరపడకుండా, కుంటకుండా ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టులో పడింది. ఆయన ఫోను దించలేదు.